మామిడిపిందె అతుకు

పైడికోట అనే ఒకానొక రాజ్యంలో, నిలువుటద్దం ముందు నిలబడితే భోజనం వేళ కూడా మరిచిపోయే రాజొకడు ఉండేవాడు. పేరు వైభవ మార్తాండుడు. ఒకసారి కట్టిన బట్టను ఆయన మళ్ళీ కట్టేవాడు కాదు. పోనీ విప్పినదాన్ని ఎవరికైనా ఇచ్చేవాడా అంటే అదీ లేదు. రాజు ఒంటిమీది బట్ట ఇంకొకడి ఒంటిమీదికి ఎక్కడమేమిటని, కోట వెనక పెద్ద గొయ్యి తవ్వించి, అందులో వేయించి తగలబెట్టించేవాడు.

రాజును చూసి మంత్రి గోపరాజు, మంత్రిని చూసి మిగతా కొలువువారు ఇళ్ళలోని పెట్టెలన్నీ ఆ గోతిలోనే దులిపేశారు. కోటలో పనివాళ్ళకు కూడా పున్నమి పున్నమికి కొత్త బట్టలు వచ్చేవి, పాతవి మంటలోకి పోయేవి. నేతగాళ్ళకు ఊపిరి తిప్పుకునే తీరిక ఉండేది కాదు.

ఆ కొలువులోనే పోలన అని ఒక మాటకారి ఉండేవాడు. రాజుకు విసుగు పుట్టినప్పుడు నవ్వించడం, కోపం వచ్చినప్పుడు చల్లబరచడం అతని పని. కోట గోతిలోకి తన ఇంటినుంచి నూలుపోగైనా పంపనివాడు అతనొక్కడే. పంపుదామన్నా అతని భార్య కామసాని పంపనివ్వదు.

కామసాని చేతిలో చీరకు ఉన్నంత ఆయుష్షు మనుషులకు ఉంటే ఎంత బాగుండునో! ఎనిమిదేళ్ళు కట్టాక నడుమ చిరిగితే, మంచి భాగం మొగుడికి కండువా అయ్యేది. మెత్తబడిన భాగం ఉయ్యాల అయ్యేది, పురిటిబిడ్డను చుట్టే పొత్తిగుడ్డ అయ్యేది. ఆ తర్వాత వంటింట్లో మసిగుడ్డ. అదీ పీలికలైతే, ఉతికి ఆరబెట్టి, ఒత్తులు చేసి దేవుడి ముందు దీపం వెలిగించేది. "మా ఆవిడ చీర కొంటే కడపట అది దేవుడి దగ్గరికే వెళుతుంది" అని పోలన ఊళ్ళో గొప్పగా చెప్పుకునేవాడు. చెప్పుకోవద్దూ మరి!

ఒకసారి దీపం నిప్పురవ్వ పడి పోలన కండువాకు చిల్లుపడింది. కామసాని తన ఎర్రంచు చీర ముక్క తీసి, చిల్లుమీద మామిడిపిందె ఆకారంలో అతికి, చుట్టూ సన్నని కుట్టు వేసింది. అతుకన్నది దాచుకోవలసిన సంగతని ఆమెకు తోచలేదు. పోలనకూ తోచలేదు. ఆ పిందె అందరికీ కనబడేట్టు భుజంమీద సర్దుకుని మరీ కొలువుకు వెళ్ళాడు.

రాజు కన్ను దానిమీద పడనే పడింది.

"పోలనా! ఆ కండువా ఇలా తిప్పు. ఆహా, ఏం పిందె! తెల్లటి బట్టమీద ఒక్కటంటే ఒక్కటి! మన నేతగాళ్ళకు ఇంత తెలివి ఎప్పుడొచ్చింది? ఎవడు నేశాడో చెప్పు. రేపటికి నాకు పది కావాలి."

మంత్రి గోపరాజు వెంటనే అందుకున్నాడు. "ఏలినవారి చూపే చూపు! మేమంతా ఇక్కడే ఉన్నాం, ఒక్కరి కంటికైనా ఆనిందా?"

పోలన చేతులు కట్టుకుని, "నేతగాడు కాదు మహాప్రభూ, మా ఇంటావిడ. నిప్పురవ్వ పడి చిల్లుపడితే అతుకు వేసింది" అన్నాడు. చెబుతుంటే గర్వంతో అతని మొహం వెలిగిపోయింది.

కొలువులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో దగ్గు నటించారు. రాజు మొహం జేవురించింది. అతుకును మెచ్చుకున్న రాజు! రేపు ఊరంతా చెప్పుకోదూ?

"చిరుగు గుడ్డ వేసుకుని నా కొలువుకు వస్తావా? నీ ఇంట్లో అంత దరిద్రమా? నీ పెళ్ళానికి సూదీ దారమూ తప్ప ఇంకేమీ కొనిపెట్టలేదా?"

తనను ఏమన్నా పోలన పట్టించుకునేవాడు కాదు. కామసాని సూదిని అన్నారు. అది మాత్రం అతనికి గుండెల్లో గుచ్చుకుంది. అయినా నవ్వుమొహంతోనే అన్నాడు. "ప్రభూ, మా ఇంటి పాతబట్టను తక్కువగా చూడకండి. నెల తిరిగేలోగా తమరే దానికోసం కబురు పంపుతారు."

"నేనా!" అని రాజు సింహాసనం అదిరేలా నవ్వాడు. "అదే జరిగితే దాన్ని నా నెత్తిన పెట్టుకుని కోటలోకి తెస్తాను. జరగకపోతే నెలనాటికి నువ్వూ, నీ పెళ్ళామూ, ఆ సూదీ ఈ రాజ్యం పొలిమేర దాటాలి. ఇంకో మాట. నేటినుంచి పాతబట్టన్నది కోట గుమ్మం లోపలికి రాకూడదు. ఎవరు తెచ్చినా కొరడా దెబ్బలే!"

"ఆ శాసనం తమకు కూడానా ప్రభూ?" అని పోలన అమాయకంగా అడిగాడు.

"రాజుకు శాసనమా? తెలివి ఉండే అడుగుతున్నావా? నేను తప్ప ఎవరు తెచ్చినా అని రాయండి!"

రాశారు, ముద్ర వేశారు, గుమ్మం పక్కన రాతిపలకమీద చెక్కించారు కూడా. వైభవ మార్తాండుడికి ఇంకో గొప్ప ఉండేది. ఒకసారి రాతికెక్కిన మాటను ఆయన మార్చడు. మార్చితే తన మాటకు అతుకు వేసినట్టవుతుందని ఆయన భయం.

ఇంటికొచ్చి పోలన జరిగింది చెప్పాడు. కామసాని చేతిలోని సూదిని పక్కన పెట్టింది.

"ఊరు వదలాల్సి వస్తే వదులుదామండీ. కానీ నా కుట్టును చూసి నలుగురూ నవ్వారే, అది తలుచుకుంటేనే కడుపు రగిలిపోతోంది."

"నవ్వింది కుట్టు తెలియనివాళ్ళు. రాణిగారికి ఇది ఎన్నో నెల?"

"తొమ్మిది నిండబోతోంది. ఎందుకూ?"

"కోటలో పొత్తిగుడ్డ ఉందా?"

కామసాని నవ్వింది. నవ్వుతూనే లేచి వెళ్ళి, ముగ్గురు బిడ్డలను పడుకోబెట్టి పెంచిన తెల్ల నూలుచీరను పెట్టెలోంచి తీసి, కుంకుడుకాయ రసంలో నానబెట్టింది.

రోజులు గడిచాయి. మంత్రసాని చెప్పిన పున్నమి వచ్చి వెళ్ళింది. రాణిగారికి నొప్పులు రాలేదు. ఇరవయ్యో రోజు పోయింది, ఇరవై అయిదో రోజు పోయింది. కామసాని ఒక పక్క పొత్తిగుడ్డలు ఎండలో ఆరవేస్తూనే, ఇంకో పక్క గిన్నెలు మూటకట్టడం మొదలుపెట్టింది. పోలనకు అన్నం సహించలేదు. పైకి మాత్రం ఈల వేస్తూ తిరిగాడు.

ఇరవై తొమ్మిదో రోజు పొద్దు పొడుస్తూండగా కోటలో నగారా మోగింది. మగబిడ్డ!

ఆ నగారా ఆగగానే ఇంకో మోత మొదలైంది. బిడ్డ ఏడుపు. పుట్టగానే బంగారు జరీ పట్టులో చుట్టారు పాపం. జరీ గీరుకుని, లేత ఒళ్ళు ఎర్రగా కందిపోయింది. మంత్రసాని ఎర్రసాని ఆ పట్టును లాగి అవతల పడేసి, "పాతగుడ్డ తెండమ్మా, పాత నూలుగుడ్డ!" అని కేకపెట్టింది.

దాసీలు మొహాలు చూసుకున్నారు. వాళ్ళవి మొన్న పున్నమికి ఇచ్చిన బట్టలు. గంజి ఇంకా దిగలేదు. ఎర్రసాని పాతచీరను గుమ్మం దగ్గరే విప్పించి కొత్తది కట్టబెట్టారు. అది ఎంత బిరుసంటే, ఆమె కూర్చున్నా చీర నిలబడే ఉంది. చేసేది లేక ఆమె లేత అరటాకు తెప్పించి, బిడ్డను దానిమీద పడుకోబెట్టింది.

రాజు వచ్చి చూసి నిర్ఘాంతపోయాడు. "ఇదేమిటి, ఆకులో వేశారు?"

"వడ్డించినట్టుంది కదు సామీ? నాకూ అట్టాగే ఉంది. ఎంతసేపని ఆకులో ఉంచను? పాతగుడ్డ ఇప్పించండి. పురిటిబిడ్డకు ఏ ఇంట్లోనైనా అదే చుడతారు. కూలివాడి ఇంట్లో కూడా ఉంటుంది."

కూలివాడి ఇంట్లో ఉన్నది తన కోటలో లేదంటే రాజుకు తల తీసేసినట్టయింది. "మంత్రీ! నేతగాళ్ళను పిలిపించు. మధ్యాహ్నానికల్లా శ్రేష్ఠమైన పాతబట్ట నేసి తెమ్మను!"

నేతగాళ్ళ పెద్ద వచ్చి, ఆజ్ఞ విని, తల గోక్కున్నాడు. "దొరా, మేం నేసేది సగమేనండీ. మిగతా సగం కట్టుకునేవాళ్ళు ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి నేయాలి."

మంత్రి అంతటితో ఊరుకోలేదు. కొత్త బట్టను చాకళ్ళ చేత బండకేసి బాదించాడు. అది చిరిగింది గానీ మెత్తబడలేదు. ఏనుగుల చేత తొక్కించాడు. ఆ బట్టకు ఏనుగు వాసన పట్టింది. లోపల బిడ్డ గుక్కపట్టాడు. ఆ ఏడుపు విని వైభవ మార్తాండుడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎంత గొప్పలకు పోయినా తండ్రి తండ్రే కదా.

"పోలన ఇంట్లో పాతబట్ట ఉంటుంది" అన్నాడు మెల్లగా. "వెంటనే కబురు పెట్టండి."

"కబురు అక్కర్లేదు ప్రభూ. నగారా మోగినప్పటినుంచీ మొగుడూ పెళ్ళామూ గుమ్మం బయటే నిలబడి ఉన్నారు, మూటతో సహా" అన్నాడు భటుడు. "రాతిపలక చూసి మేమే లోపలికి రానివ్వలేదు."

రాజు తానే గుమ్మందాకా నడిచాడు. పోలన వంగి దండం పెట్టాడు.

"మహాప్రభూ, బిడ్డ ఏడుపు ఇక్కడికి వినిపిస్తోంది. పరుగున తెచ్చి ఇద్దును. కొరడా దెబ్బలకైనా వెనకాడను. కానీ ఆ దెబ్బలు కొట్టించి బాధపడేది తమరే. లోపలికి తేగలిగినవారు ఒక్కరే అని పలకమీద ఉంది."

రాజు పలకను చూశాడు. తన మాటే, తన ముద్రే. నెత్తిన పెట్టుకుంటానన్నదీ తన నోరే. ఆయన తల వంచాడు.

కామసాని మూట ఎత్తబోయి ఆగింది. "కిరీటం తీయండి ప్రభూ. రాళ్ళు గుచ్చుకుంటే గుడ్డ చిరుగుతుంది."

భటులు నేలచూపులు చూశారు. రాజు కిరీటం తీసి పోలన చేతికిచ్చాడు. కామసాని ముగ్గురు బిడ్డలను పెంచిన ఆ గుడ్డల మూటను రాజు నెత్తిన పెట్టింది. కుట్టును చూసి నవ్విన కొలువంతా చూస్తుండగా, వైభవ మార్తాండుడు పాతబట్ట మోసుకుంటూ గుమ్మం దాటాడు. వెనక నడుస్తున్న కామసానికి ఆ క్షణంలో కడుపుమంట చల్లారింది.

ఎర్రసాని గుడ్డను చెంపకు ఆనించుకుని చూసి, "ఇదమ్మా గుడ్డంటే!" అంది. చుట్టీ చుట్టగానే బిడ్డ రెండు వెక్కిళ్ళు పెట్టి నిద్రపోయాడు.

రాజు ఊపిరి బిగబట్టి బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాడు. నెత్తిన కిరీటం లేదు, ఒంటిమీద ఆ రోజే తొడిగిన బంగారు పూల అంగరఖా. చిన్నవాడు నిద్రలోనే తండ్రికి తొలి కానుక సమర్పించాడు. అంగరఖా గుండెనుంచి బొడ్డుదాకా తడిసిపోయింది.

పోలన కిరీటం పట్టుకుని ముందుకొచ్చాడు. "ప్రభూ, ఈ అంగరఖా ఇక కొత్తది కాదు. గోతిలో వేయించమంటారా?"

"ముట్టుకున్నావంటే చూడు!" రాజు రెండు చేతులా బిడ్డను, అంగరఖాను కలిపి హత్తుకున్నాడు. "నా కొడుకు తొలిసారి తడిపిన బట్ట ఇది. మెల్లగా ఉతికించి నా పెట్టెలో దాచండి!"

అన్నాక తానేమన్నాడో ఆయనకే వినబడింది. పోలనను చూశాడు. పోలన ఏమీ ఎరగనట్టు కిరీటంమీది దుమ్ము తుడుస్తున్నాడు. రాజు నవ్వడం మొదలుపెట్టాడు. బిడ్డ లేస్తాడని ఎర్రసాని కసిరినా ఆపుకోలేకపోయాడు.

ఆ సాయంత్రమే గొయ్యి పూడ్చేశారు. రాతిపలకను చాకలిబండగా వేయించారు. పోలన మెడలో రాజు తన ముత్యాలహారం వేసి, "మా దర్జీకి ఆ మామిడిపిందె కుట్టు నేర్పమని మీ ఆవిడకు చెప్పవయ్యా. ఈ అంగరఖా ఎప్పటికైనా చిరుగుతుంది కదా" అన్నాడు.

కామసానికి పళ్ళెంలో పట్టుచీర తెచ్చి ఇచ్చారు. ఆమె దాన్ని వేళ్ళతో నలిపి చూసి తిరిగి పళ్ళెంలో పెట్టేసింది.

"పట్టు వద్దు ప్రభూ, మంచి నూలుచీర ఇప్పించండి. ఇప్పటినుంచీ కట్టడం మొదలుపెడితే, యువరాజుగారికి బిడ్డ పుట్టేనాటికి మెత్తబడుతుంది."