ఖాళీగా ఉన్న గంటన్నర

ఆ ఏడాది విభుచైతన్యకు కంటిమీద కునుకు లేకుండా చేసినవి ఉత్తరాలు.

నాగావళి ఒడ్డున ఉన్న వాళ్ల ఆశ్రమానికి రోజూ రెండొందల ఉత్తరాలైనా వచ్చేవి. చేతిలో ఫోనున్నా, కష్టం వచ్చినప్పుడు మాత్రం జనం కాగితమే తీసేవారు. ఉత్తరాల గదిలో ఏడుగురు ఉద్యోగులు వాటిని చదివి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, పెద్దస్వామివారు చూసి జవాబు చెప్పేవారు. ఆ గది బాధ్యత విభుచైతన్యది. ఆశ్రమానికి రాకముందు ఆరేళ్లు హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేశాడు కాబట్టి ఆయనకే అప్పజెప్పారు.

ఎంత చేసినా ఉత్తరాల గోనెసంచులు మిగిలిపోతూనే ఉన్నాయి. ఆపరేషన్ చేయించుకోమంటారా వద్దా అని అడిగిన ఒకావిడకు జవాబు అందేసరికి, ఆపరేషనూ అయిపోయింది, కుట్లూ ఊడదీసేశారు. ఆ సంగతి ఆవిడే మళ్లీ ఉత్తరం రాసి చెప్పింది, ఏ నిష్ఠూరమూ లేకుండా. అది చదివిన రోజు విభుచైతన్య అన్నం సరిగ్గా తినలేదు.

ఆ వారమే కంప్యూటర్లన్నిటిలో ఒక సాఫ్ట్‌వేర్ పెట్టించాడు. దొంగచాటుగా కాదు, అందరినీ కూర్చోబెట్టి చెప్పే పెట్టాడు. ఎవరి కంప్యూటర్ ఎంతసేపు నడిచింది, ఎవరి కీబోర్డు మీటలు ఎప్పుడు కదిలాయి, ఎప్పుడు ఊరుకున్నాయి, అన్నీ అది రాసిపెట్టేది; పక్క భవనంలోని తన గదిలోంచి లేవకుండానే ఆయన చూసుకోవచ్చు.

నెల తిరిగేసరికి రిపోర్టు వచ్చింది. అందరికన్నా పైన భుజంగరావుగారి పేరు. కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. నా అన్నవాళ్లు లేక ఆశ్రమంలోనే ఒక గదిలో ఉంటున్నాడు. ఆయన పనిచేసిన సమయం నూటికి తొంభైనాలుగు వంతులు. అందరికన్నా అడుగున ఇందుమతి. పొద్దున్నే మొదటి బస్సుకొచ్చి సాయంత్రం చివరి బస్సుకు వెళ్లే పిల్ల. నూటికి యాభై ఒకటి.

విభుచైతన్య ఆమెను పిలిచి అడిగాడు. "ఏమ్మా, ఆరోగ్యం బాగుండటం లేదా?"

"బాగానే ఉందండి."

"మరి నీ కంప్యూటర్ పొద్దున గంటన్నర, మధ్యాహ్నం గంటన్నర ఖాళీగా ఉంటోంది. ఎందుకని?"

ఇందుమతి తల వంచుకుంది. "ఇకమీదట చూసుకుంటానండి."

మర్నాడూ అంతే. ఆ తర్వాతి వారమూ అంతే. విభుచైతన్యకు మనసు విరిగిపోయింది. కోపం కన్నా బాధే ఎక్కువ. ఒకరి మీద జాలికి పోయి, అక్కడ జవాబు కోసం ఎదురుచూసే వందలమందికి అన్యాయం చేయడమెలా? వచ్చే నెల నుంచి ఆమెను మానిపించి ఇంకొకరిని పెట్టుకుందామని నిశ్చయించుకుని, రిపోర్టు పట్టుకుని స్వామివారి దగ్గరికి వెళ్లాడు.

స్వామివారు వరండాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. విషయమంతా విని, చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకున్నారు. కాగితాన్ని తీసిపారేస్తారేమోనని విభుచైతన్య లోపల భయపడుతున్నాడు. ఆయన మాత్రం ఒక్కొక్క గీత మీదా వేలుపెట్టి, పంచాంగం చూసినంత శ్రద్ధగా చూశారు.

"ఎంత తేటగా ఉంది నాయనా! గంట గంటకీ చెబుతోందే."

"అవును స్వామీ."

"ఈ అమ్మాయి ఖాళీ రోజూ ఒకే వేళకి వస్తోంది. పదిన్నరకి, మూడింటికి."

"అవును స్వామీ. అలవాటైపోయినట్టుంది."

స్వామివారి వేలు అడుగు నుంచి మెల్లగా పైకి జరిగి మొదటి గీత మీద ఆగింది. "భుజంగరావుగారి పని సరిగ్గా ఆ వేళకే పరుగెడుతోంది. మిగతా వేళ నెమ్మది."

విభుచైతన్య వంగి చూశాడు. నిజమే. ఇన్ని రోజులుగా ఆ కాగితాలు తన చేతిలోనే ఉన్నాయి. ఒక పేరునీ ఇంకో పేరునీ పక్కపక్కన పెట్టి చూడాలని తోచలేదు.

"ఇప్పుడెంతైంది?" అడిగారు స్వామివారు.

"పదిన్నర దాటింది."

ఆయన లేచి ఉత్తరీయం సర్దుకున్నారు. "పద."

ఉత్తరాల గది చివర, కిటికీ దగ్గర, భుజంగరావుగారి కుర్చీ పక్కన ఇందుమతి చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. గొంతు తగ్గించి ఉత్తరం చదువుతోంది. ముసలాయన ముఖం తెరవైపు లేదు, కిటికీలోంచి వచ్చే ఎండవైపుంది. వేళ్లు మాత్రం మీటల మీద చినుకుల్లా పడుతున్నాయి.

"...మూడేళ్లు నిండినా మా చిన్నోడికి మాటలు రాలేదు స్వామీ. ఊళ్లో అందరూ..."

తలెత్తిన ఇందుమతి గుమ్మంలో ఇద్దరినీ చూసి గబుక్కున లేచి నిలబడింది. ఉత్తరం కిందపడింది.

"ఆగావేమమ్మా?" అన్నాడు ముసలాయన, కదలని వేళ్లతో. "ఊళ్లో అందరూ ఏమంటున్నారట?"

స్వామివారు ఇందుమతిని చేత్తోనే వారించారు. వంగి ఉత్తరం తీశారు. ముక్కాలిపీట మీద కూర్చుని, ఆమె ఆపిన చోట అందుకున్నారు. "ఊళ్లో అందరూ ఇక రావంటున్నారు. నాకు మాత్రం వాడు ఏదో చెప్పబోతున్నాడనే అనిపిస్తోంది."

ఆ గొంతు ఎవరిదో ముసలాయన పోల్చుకున్నాడు.

"స్వామీ!" అంటూ లేవబోయాడు. స్వామివారు భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. "రెండేళ్లయింది స్వామీ, కుడికన్ను పోయి. ఎడమదాంట్లో వెలుతురు తెలుస్తుంది, అక్షరం తెలియదు. పెద్ద వైద్యులే ఇక లాభం లేదన్నారు. ఈ పిల్ల వచ్చి చదివితేనే నాలుగు ఉత్తరాలు తెగుతాయి, చదివినవాటిలో మిగిలినవి గుర్తుంచుకుని తర్వాత మెల్లగా కొట్టుకుంటాను. చెబితే ఇక పని లేదంటారని నేనే చెప్పనివ్వలేదు. తప్పు నాది. దాన్నేమీ అనకండి."



"నేను చదువుతాను, మీరు కొట్టండి," అన్నారు స్వామివారు. "ఆ తల్లి ఎదురుచూస్తూ ఉంటుంది."

ఆయన ఆ ఉత్తరం పూర్తిచేశారు. ఇంకో రెండు చదివారు. నాలుగోది విప్పి, గొంతు సవరించుకుని, వెనక్కి తిరగకుండానే విభుచైతన్య వైపు చాచారు. విభుచైతన్య వచ్చి పీట మీద కూర్చున్నాడు. మొదటి వాక్యం రెండుసార్లు చదవాల్సి వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇందుమతి ఎదురైంది.

"నేను అడిగినప్పుడే చెప్పొచ్చు కదమ్మా?" అన్నాడు.

"నా సంగతైతే చెప్పేదాన్నేనండి."

"నిన్ను పంపించేద్దామనుకున్నాను. నన్ను క్షమించు," అన్నాడు. ఆమె కంగారుపడి, పులుసు వేయమంటారా అని అడిగింది.

అప్పట్నుంచి ఆ గదిలో ఆ పని చాటుగా జరగలేదు. పొద్దున ఇందుమతి చదివేది, మధ్యాహ్నం విభుచైతన్య చదివేవాడు. అది చూసి ఇంకో ఇద్దరు కూడా అలాగే జతకట్టారు, ఒకరు చదవడం, ఒకరు టైపు కొట్టడం. వానలు వెనకబట్టేసరికి గోనెసంచులు మూడు తగ్గాయి. అన్నీ తగ్గలేదు. ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి మరి.

ఒక సాయంత్రం నది ఒడ్డున నడుస్తుండగా విభుచైతన్య చాలా రోజులుగా మనసులో ఉన్నది అడిగాడు.

"ఆ సాఫ్ట్‌వేర్ తీయించేయమంటారా స్వామీ?"

స్వామివారు ఆశ్చర్యంగా చూశారు.

"ఎందుకు నాయనా? ఎక్కడ చూడాలో అది సరిగ్గానే చెప్పింది. లేచి వెళ్లి చూడాల్సింది మనం, అది కాదు కదా."