ఈ రోజు డోలీ సుకిరిది

ఎన్నో వానల కిందటి మాట, పిల్లలూ. ఎన్ని వానలో లెక్కపెట్టినవాళ్ళు ఇప్పుడు లేరు. మూడు జలపాతాల లోయలో బొంజు అని ఒక డోలీవాడు ఉండేవాడు. డోలీ అంటే తెలుసు కదా? వెదురు బొంగుకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, మనిషిని కూర్చోబెట్టి, ముందొకడు వెనకొకడు మోసేది.

వానలు పడ్డ రెండు నెలలే ఆ నీళ్ళు దూకుతాయి. ఆ రెండు నెలలూ చూడ్డానికొచ్చే పెద్దలే పెద్దలు. కొండకి అధికారి ముఠాదారు. వాళ్ళని మొయ్యమని ఆయన కబురు పంపితే, కాదన్నవాడికి కొరడాయే.

బొంజు భార్య సుకిరి. పుట్టుకతోనే ఒక కాలు వంకర. గుడిసెలో కూర్చుంటే హోరు వినిపించేది, నీరు కనిపించేది కాదు.

"ఎలాగుంటాది మావా?"

"నేనెక్కడ చూశానే? మోసేవాడు అడుగు చూడాలి, కొండ చూడకూడదు. కాలు జారితే ముగ్గురం పోతాం."

"అయితే నన్ను మొయ్యి. నేను చూసి నీకు చెప్తా."

"ఈ వానలకి తీసుకెళ్తాలే."

మొదటి ఏడు జమీందారు వచ్చాడు.

"నాకంటే తేలికా మావా ఆయన?" అని నవ్వింది సుకిరి.

"వచ్చే వానలకిలే" అన్నాడు బొంజు.

రెండో ఏడు తెల్లదొర వచ్చాడు, కుక్కతో సహా.

"కుక్కకి కూడా డోలీయేనా?" అంది సుకిరి. ఈసారి నవ్వలేదు.

"వచ్చే వానలకిలే" అన్నాడు బొంజు.

మూడో ఏడు వానలతోపాటే సుకిరికి జ్వరం వచ్చింది. ముఠాదారు కబురూ వచ్చింది. బొంజు వెళ్ళలేదు. సుకిరిని దుప్పటితో వీపుకి కట్టుకుని, తెల్లారగానే కొండెక్కాడు. ఆమె బరువే తెలియలేదు. అదే అతన్ని భయపెట్టింది.

మలుపు తిరగగానే హోరు మీద పడింది.

"మావా, మొదటిది గంజి పొంగినట్టు ఉంది! చూడు."

"అడుగు చూడనీ పిల్లా. నువ్వు చెప్పు."

"రెండోది సన్నంగా... నా జడలాగ."

"మూడోది?"

సుకిరి చెప్పలేదు. చూస్తోందిలే అనుకున్నాడు. చదును బండ దాకా మెల్లగా నడిచి దింపాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఊపిరి లేదు.

జలపాతం ఎదురుగానే ఉంది. బొంజు అటు తిరగలేదు. సుకిరి ముఖమే చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పటికీ నీళ్ళు దూకిన మొదటి రోజు, ఆ లోయ డోలీవాళ్ళు తమ ఇళ్ళల్లో నడవలేని వాళ్ళని ముందు మోసుకెళ్తారు. ఎంత గొప్పవాడొచ్చి తొందరపెట్టినా ఒకటే మాట:

"ఈ రోజు డోలీ సుకిరిది దొరా. రేపు రండి."