అద్దాల మేడలో రాజుగారి భోజనం

ఆఫ్రికాలో, ఎడారి అంచున, హౌసా వాళ్ళ సీమలో, ఒకానొక రాజ్యాన్ని జిబ్రిల్ అనే రాజు ఏలుతుండేవాడు. మంచివాడే గానీ, పొరుగింటి పుల్లకూర రుచి అనుకునే రకం. సముద్రతీరపు పట్నం చూసొచ్చి, తనకూ అద్దాల గోడలతో, రేకుల కప్పుతో ఒక మేడ కట్టించుకున్నాడు. అంతటితో ఊరుకున్నాడా? ఊళ్ళోని మట్టి ఇళ్ళన్నీ కూల్చి అద్దాల ఇళ్ళు కట్టాలని చాటింపు వేయించాడు.

మొదట కూలాల్సింది మేడ ఎదుట ఉన్న తాంకో ఇల్లు. తాంకో ఆస్థాన విదూషకుడు. మూరెడు మందం మట్టిగోడలు, వాటి మీద చేత్తో మెత్తిన ఉబ్బెత్తు నగిషీలు, కప్పు మూలల్లో కొమ్ముల్లాంటి శిఖరాలు, వచ్చినవాళ్ళు ఆగడానికి ముందొక చావడి. తాతలనాటి ఆ ఇల్లంటే తాంకోకు ప్రాణం.

"రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? మీరు ఎదురు చెప్పకండి," అంది భార్య లారాయ్, కళ్ళొత్తుకుంటూ.

"ఎదురెందుకు చెప్తానే? మెచ్చుకుంటాను," అన్నాడు తాంకో.

సభకు వెళ్ళి, "ప్రభూ, ఇంత మేడ కట్టి ఇంకా పాత మట్టికోటలోనే భోంచేయడమేమిటి? రేపు మధ్యాహ్నం అందులో ఆరగించండి. హాయిగా ఉందని ఒక్కమాట అంటే చాలు, నా ఇల్లు నేనే పడగొట్టుకుంటాను," అన్నాడు. రాజు ఉబ్బిపోయాడు.

ఆ రాజ్యంలో రెండు కట్టుబాట్లున్నాయి. రాజు కనబడితే ఎవరైనా సరే మోకరిల్లి జేజేలు పలకాలి. రాజు మాత్రం బయటి జనం కళ్ళెదుట ముద్ద నోట పెట్టకూడదు. మట్టికోటలో ఉన్నన్నాళ్ళూ ఈ రెంటికీ పేచీ రాలేదు.

మరునాడు సంత. అద్దాల మేడలో రాజు జొన్న సంకటి ముద్ద ఎత్తాడో లేదో, దారినపోయే ఉల్లిపాయలమ్మే ఆవిడ అద్దంలోంచి చూసి, గంప దించి మోకరిల్లింది. "ప్రభువులు నూరేళ్ళు చల్లగా ఉండాలి!"

రాజు ముద్ద దించాడు. మళ్ళీ ఎత్తేసరికి ఒంటెలవాడు. వాడి వెనక సంత మొత్తం.

"తెరలు కట్టండి!" అని అరిచాడు రాజు. కట్టారు. కిటికీలూ కప్పుకుపోయి గాలి ఆగిపోయింది. రేకుల కింద రాజుకు ఒళ్ళంతా చెమటలు.

"తీసేయండి!" తీశారు. మళ్ళీ జేజేలు.

"ఛీ! అడ్డంగా గోడ కట్టించండి!"

"అద్దాలదేనా ప్రభూ?" అన్నాడు పక్కనే నిలబడ్డ తాంకో.

"అద్దాలది నా నెత్తిన కొట్టు! మట్టిది, ఎండ దూరనంత మందంగా! వచ్చినవాళ్ళు ఆగడానికి ముందొక చావడి!"

"చిత్తం. అలాంటిది ఎదుటే ఒకటుంది. కాకపోతే కూల్చమని తమరి ఆజ్ఞ."

రాజు ఆ ఇంటివైపు చూశాడు, తర్వాత కంచంవైపు చూశాడు.

"ముందు ఆరగించండి ప్రభూ, చల్లారిపోతుంది," అన్నాడు తాంకో మెల్లగా.

"ఈ కొలిమిలోనా? చల్లారడమా?" అంటూ రాజు పగలబడి నవ్వాడు.

ఆ పూట రాజు తాంకో ఇంట్లోనే కడుపారా తిని, చల్లగా కునుకు తీశాడు. లేస్తూనే చాటింపు రద్దు చేశాడు. మేడకు మట్టిగోడలు లేచాయి. అద్దాలనూ పారేయలేదు, వెలుగు కోసం పైన చిన్న కిటికీలకు బిగించారు. తాంకోకు మేలుజాతి గుర్రాన్నిచ్చి, కొత్త ఇల్లు తలపెట్టిన ప్రతివాడూ ముందు తాంకో ఇల్లు చూసి రావాలని ఆజ్ఞాపించాడు.

"ఇల్లు నిలిపారు సరే, వచ్చిపోయేవాళ్ళకు వండి వార్చలేక ఛస్తున్నాను!" అంది లారాయ్.

ఆ మాట చెవినపడి రాజు మళ్ళీ పడీపడీ నవ్వాడు. మర్నాడే ఆమెకు ఇద్దరు వంటవాళ్ళను పంపించాడు.