సుంకమ్మ దూలం మీది పిట్ట

అనగా అనగా మగ్గాల చప్పుడుతో తెల్లవారే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్లో సుంకమ్మ అనే నేతగత్తె ఒంటరిగా బతుకుతుండేది. ఆమెది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి నేయాలి. దాన్ని ఎత్తుకుని మరో ఇంటికి పోవడం కుదరదు.

ఒకనాటి ఉదయం పొరుగామె వచ్చి, సుంకమ్మ ఇంటి దూలం మీద గూబను చూసింది. గూబ దూరిన ఇంటిని ఆరు నెలలు పాడుపెట్టాలని ఆ ఊరి ఆచారం. ఊరిపెద్ద నాగప్ప వచ్చి ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఆరు నెలలు మగ్గం ఆగితే సుంకమ్మ ఏం తిని బతకాలి?

"అది ఏ గూబో చూసి చెప్పు పెద్దయ్యా, అప్పుడు పోతాను" అంది.

నాగప్ప తల ఎత్తలేదు. గూబ కళ్లలోకి చూస్తే చూపు పోతుందని అతని భయం.

మర్నాడు జోస్యుడు వచ్చాడు. గడప బయటే నిలబడి, దానికి కొమ్ములున్నాయని చెప్పి పోయాడు. మూడోనాడు తలారి వచ్చాడు. దాని కళ్లు నిప్పుకణికలని చెప్పి, వాకిట్లో ముళ్లకంప వేయించాడు. సుంకమ్మ కంప దాటి నీళ్లు తెచ్చుకుంది. మగ్గం మాత్రం ఆపలేదు.

తగవు రాజుగారి కొలువుకు చేరింది. పిట్ట ఎలా ఉందని రాజు అడిగాడు. నాగప్ప మేకపిల్లంత ఉందన్నాడు. జోస్యుడు కొమ్ములన్నాడు. తలారి నిప్పుకణికలన్నాడు.

సుంకమ్మ వంతు వచ్చింది. దాని ముఖం తమలపాకు ఆకారంలో తెల్లగా ఉంటుందని, కళ్లు నల్లనివని, కొమ్ములు లేవని చెప్పింది. కొంగుముడి విప్పి, పిట్ట కక్కిన ఉండలు చూపించింది. వాటిని చిదిపితే ఎలుకల పుర్రెలు రాలాయి. నిరుడు ఎలుకలు తన నూలు సగం కొరికేశాయని, ఆ పిట్ట చేరిన రెండు నెలలుగా ఒక్క పోగు తెగలేదని చెప్పింది.

"తెల్లదైతేనేం, నల్లదైతేనేం? గూబ గూబే" అన్నాడు నాగప్ప. ఆచారం ఆచారమేనని రాజు తలూపాడు.

సుంకమ్మ వంగి, సింహాసనం పక్కనుంచి చిన్న ఉండ ఒకటి తీసింది. చిదిపితే పురుగుల రెక్కలు రాలాయి.

"అయితే ముందు కోట ఖాళీ చేయండి దొరా. తరవాత నేను పోతాను."

అప్పుడు అందరూ తలలెత్తారు. సింహాసనం పైని గూట్లో గుండ్రటి తల, పసుపు కళ్లు, ఒంటినిండా తెల్ల చుక్కలున్న చిన్న పిట్ట వాళ్లనే చూస్తోంది.

"అది పైడికంటి. పురుగుల్ని ఏరుకు తింటుంది. పెద్దయ్య మాట ప్రకారం అదీ గూబే" అంది సుంకమ్మ.

ఎవరి చూపూ పోలేదు. రాజు ఆ ఆచారాన్ని ఆనాటితో మాన్పించాడు. వాకిట్లో కంపను నాగప్పే తన చేతులతో తీయాలన్నాడు.

నాగప్ప కంప తీస్తుంటే లోపల మగ్గం చప్పుడు వినబడుతూనే ఉంది.

తల ఎత్తి చూడని పెద్దరికానికి తల వంచకూడదు. కళ్లారా చూసి చెప్పిన మాటే నిలబడుతుంది.