ఎలుగు దొర చుక్కాని

ఉత్తరాన, ఏడాదిలో సగం రోజులు మంచు కప్పుకునే సముద్రం ఒడ్డున ఓ జంతువుల దండు ఉండేది. వేసవి వస్తే చాలు, పొడుగాటి పడవెక్కి దీవుల మీద పడి దోచుకొచ్చేవి. చుక్కాని ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే దొర. ముసలి ఎలుగు పట్టుకి ఆ చుక్కాని కర్ర అరిగిపోయింది కూడా.

కానీ ఎలుగుకి చూపు పోతోంది. ఆ సంగతి తనకొక్కదానికే తెలుసని నక్క ధీమా. పక్కనే కూర్చుని "కుడి పక్క రాయుంది దొరా, తిప్పండి" అని చెవిలో ఊదేది. ఏకులా వచ్చి మేకై కూర్చుంది.

ఓ పొద్దున పడవ బయల్దేరే ముందు అడిగింది: "మీ తర్వాత దొరెవరో ఇవాళే చెప్పెయ్యండి. నా పేరైతే బాగుంటుంది."

"చెప్పకపోతే?"

"నువ్వు గుడ్డోడివని నేను చెప్తా."

ఎలుగుకి ఒళ్ళు మండింది. గుడ్డి దొరని దండు మంచులో వదిలేస్తుంది. అయినా సరే, దీని చేతికి పడవ పోతే అందరూ పోతారు. ఇవాళ తేల్చెయ్యాల్సిందే.

"ఒరేయ్, వినండ్రా! నాకు కళ్ళు కనపడట్లేదు. ఇన్నాళ్ళూ దాచాను."

"తెలుసులే," అంది ఆడ తోడేలు. "మొన్న సారా ముంతనుకుని నా తోక పట్టి లాగావ్."

అందరూ పగలబడి నవ్వారు. ఎదురు మాట్లాడందే ఈ తోడేలుకి తిండి అరగదు, అనుకుంది ఎలుగు.

నక్క గబుక్కున అందుకుంది. "ఇన్నాళ్ళూ పడవ నడిపింది నా కళ్ళే! చుక్కాని నాదే!"

దండు తలూపింది. ఎలుగు గాలి పీల్చింది. పొగమంచు వాసన.

"సరే, పట్టు. ఒడ్డుకి క్షేమంగా తెచ్చావంటే నువ్వే దొర," అని పోయి తోడేలు పక్కన తెడ్డు పట్టుకుంది.

తెడ్డు వేసేవాళ్ళ వీపు ఎప్పుడూ దారి వైపే. ముందేముందో చుక్కాని పట్టినవాడే చెప్పాలి. నడి సముద్రంలో పొగమంచు కమ్మేసింది. నక్కకి పడవ కొస కూడా కనపడలేదు.

"వెయ్యండి, వెయ్యండి! దారి అద్దంలా ఉంది!"

ఆ గొంతులో వణుకు ఎలుగు పసిగట్టింది. ఆపమని నోరు తెరిచేలోపే తోడేలు తెడ్డు పైకెత్తేసింది.

"ముందేముందో చెప్పు."

"దొర మాటకే ఎదురా? వెయ్యి!"

"చెప్పు, వేస్తా."

"ఏముంటుంది, నీళ్ళు!"

ఎలుగు కూడా తెడ్డెత్తింది. అది చూసి అందరూ ఎత్తారు. ఆ నిశ్శబ్దంలో అలలు బండకి కొట్టుకునే చప్పుడు, మరీ దగ్గరగా.

"రాయి! వెనక్కి వెయ్యండ్రా!" తోడేలు ఊళ పెట్టింది.

పడవ బండని రాసుకుని ఆగింది. నక్క చుక్కాని వదిలేసి ఎలుగు కాళ్ళ మీద పడింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు.

"మీరే పట్టండి దొరా!"

"నాకెందుకు? తోడేలుకివ్వు."

"నాకూ ఏం కనపడట్లేదు," అంది తోడేలు.

"కనపడట్లేదని చెప్తున్నావుగా. అది చాలు. పట్టు."

తోడేలు పోయి చుక్కాని పట్టుకుంది. నక్క మెల్లగా పక్కకి జరిగింది. "దొరసానీ, నేను మీ చెవి దగ్గర కూర్చుని..."

"ఆ ఖాళీ తెడ్డు దగ్గర కూర్చో."

నక్క ఏడుపు మొహంతో తెడ్డు అందుకుంది. "ఇంతకీ ఎటు పోతున్నాం?"

"తెలీదు. తెలిశాక చెప్తా. నోరు మూసుకుని అలలు విను."

నీతి: తెలియదని చెప్పలేనివాడి చేతికి చుక్కాని ఇస్తే, మునిగేది వాడొక్కడే కాదు.