పైడమ్మ తెచ్చుకున్న పన్ను అంకె

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యంలో చిన్న అంగడి పెట్టాలన్నా రాజుగారి కచేరీ నుంచి పన్ను అంకె, అంటే పన్ను కట్టేవాళ్ళకు పేరుపేరునా ఇచ్చే అంకె, తెచ్చుకోవాలి. అంకె లేనివాళ్ళు సంతలో గుడ్డ పరవకూడదు.

పైడమ్మ మగడితో కలిసి కొమ్ము దువ్వెనలు చేసి అమ్మేది. మగడు జ్వరంతో పోయాడు. కర్మలు ముగిశాక ఆమె ఒక్కతే సంతకు వెళితే తలారి ఆపాడు.

"ఈ అంకె నీ పెనిమిటిదమ్మా. ఆయనతోనే పోయింది. నీ పేరున కొత్తది తెచ్చుకో."

ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. గింజల కుండ అడుగంటింది. పైడమ్మ రాజధానికి నడిచింది.

కచేరీ మెట్ల మీద విస్సన్న అనే దళారి పీట వేసుకుని కూర్చున్నాడు. "నేరుగా లోపలికి పోతే భటులు మెడపట్టి గెంటుతారు. నీ వెండి కడియాలు ఇవ్వు, నేను ఇప్పిస్తాను" అన్నాడు. ఇచ్చింది. అంకె రాలేదు.

రెండోసారి వెళితే, "లోపలి పెద్దాయనకు పాడి కావాలట" అన్నాడు. పాలిచ్చే మేకను తోలుకొచ్చి ఇచ్చింది. ఆనాటి నుంచి పిల్లలకు గంజినీళ్ళే. అంకె మాత్రం రాలేదు.

మూడోసారి దువ్వెనలు కోసే రంపం అడిగాడు. ఏడుస్తూ అదీ తెచ్చి ఇచ్చింది. వారం తిరిగి వెళ్ళేసరికి విస్సన్న గొంతు తగ్గించి, "నీ మగడు బతికే ఉన్నాడని వేలిముద్ర వెయ్యి. పాత అంకే నడిచిపోతుంది" అన్నాడు.

పైడమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "నా చేతులతో సాగనంపాను బాబూ. బతికున్నాడని ఏ నోటితో చెప్పను? పస్తులుంటాను గానీ ఆ అబద్ధం ఆడను."

"అయితే మాడి చావు!" అని విస్సన్న ఆమెను మెట్ల మీద నుంచి తోసేశాడు.

ఇక పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. గెంటితే గెంటనీ అనుకుని పైడమ్మ లేచి లోపలికి నడిచింది. ఎవరూ ఆపలేదు. ముసలి కరణం పేరడిగాడు, ఊరడిగాడు, చేసే పని అడిగాడు. తాటాకు మీద అంకె గీసి చేతిలో పెట్టాడు.

"ఏమివ్వాలి బాబూ?"

"ఏమీ వద్దమ్మా. అడిగినవాళ్ళకు ఊరికే ఇస్తాం. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?"

పైడమ్మ అక్కడే కూలబడి గుండె పగిలేలా ఏడ్చింది. సంగతి విని కరణం విస్సన్నను పట్టించాడు. కానీ కడియాలు కరిగిపోయాయి, మేక కోతకు పోయింది, రంపం ఏ ఊరు చేరిందో అమ్మినవాడికే తెలియదు.

ఇంటికి చేరగానే పిల్లలు ఎదురొచ్చారు. "అంకె వచ్చిందా అమ్మా?"

"వచ్చింది" అంది పైడమ్మ. దువ్వెన కోసే రంపం ఇక లేదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

నిజం చెప్పేవాడికి తలుపు తెరిచే ఉంటుంది. దళారి మాట నమ్మి ఆ తలుపు దాకా పోకపోతే, ఊరికే వచ్చేదానికి ఉన్నదంతా ఊడ్చి ఇవ్వాల్సి వస్తుంది.