నలభై బలిసిన పిడుదులు

ఉపేందర్ రాసిన రిపోర్టు మీద నుస్రత్ మేడమ్ సంతకం పెట్టలేదు. పశువ్యాధుల ల్యాబుకు ఆవిడే పెద్ద. ఉపేందర్ ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ల్యాబులో తనంత శుభ్రంగా పరీక్ష చేసేవాళ్లు లేరని ఒప్పుకోడానికి అతను ఏనాడూ మొహమాటపడలేదు.

"కొమురయ్య మంద నుంచి నలభై పిడుదులు తెచ్చాను మేడమ్. ఒక్కదాంట్లోనూ రోగం తెచ్చే బాక్టీరియా లేదు. రెండుసార్లు చూశాను."

గొర్రెలకాపరి కొమురయ్య భార్య ఐలవ్వకు తొమ్మిది రోజులుగా జ్వరం. గొర్రెల రక్తం తాగే పిడుదు కుట్టి వచ్చిందేమోనని ఆస్పత్రి డాక్టరుకు అనుమానం. అవునంటే మందు మార్చాలి. ఆయన ఈ కాగితం కోసమే ఆగాడు.

మేడమ్ పిడుదుల సీసా ఎత్తి చూసింది. ఒక్కొక్కటి చిక్కుడు గింజంత ఉంది.

"పిడుదులు బాగున్నాయి. జీపు తియ్యి."

మంద దగ్గర కొమురయ్య ఎదురొచ్చాడు.

"ఇవి ఎవరు ఏరారు?" అడిగింది మేడమ్.

"నేనే ఏరిచ్చిన అమ్మా. పెద్దపెద్దయి సూసి. సన్నయి ఇస్తె సారుకు ఏం మర్యాద?"

ఉపేందర్ హుందాగా తలూపాడు. లావు పిడుదైతే పరీక్ష చేసే మిషనుకూ సుఖమే.

మేడమ్ అతని తెల్లకోటు అడిగింది. మడత నలక్కుండా ఇచ్చాడు. ఆవిడ దాని చేతులు ఒక కర్రకు కట్టి, గొర్రెలు పడుకునే గడ్డి మీద ఆ కొస నుంచి ఈ కొసకు ఈడ్చింది. ఇస్త్రీ కోటు మరి. ఉపేందర్ మొహం చూసి తీరాల్సిందే.

కోటు తిరగేసింది. బట్ట మీద గసగసాలు చల్లినట్టుంది. గసగసాలు నడుస్తున్నాయి.

"ఇవి పిల్ల పిడుదులు మేడమ్. వీటినెవరూ..." అని ఆగిపోయాడు.

"ఐలవ్వ ఎక్కడ పడుకునేది?" మేడమ్ కొమురయ్యను అడిగింది.

"గీ గడ్డి మీదనే. ఈనిన గొర్లకు కావలి."

"ఒంటి మీద పిడుదు కనబడిందా?"

"లేదమ్మా. కనబడితె పీకి పారెయ్యనా?"

మేడమ్ కోటును పిడుదులతో సహా సంచిలో పెట్టి మూతి బిగిస్తోంది.

ఉపేందర్ పరీక్షించిన నలభైలో ఇంత చిన్నది ఒక్కటీ లేదు. అతను ఆస్పత్రికి ఫోన్ చేశాడు.

"హమ్మయ్య, రిపోర్టు వచ్చిందా?" అన్నాడు డాక్టరు. "పేషెంటు మగతలోకి పోతోందండీ."

రిపోర్టు ఉపేందర్ జేబులోనే ఉంది.

"రాలేదు సార్," అన్నాడు. "దానికోసం ఆగకండి. పిడుదుల జ్వరానికిచ్చే మందు మొదలుపెట్టండి."